కాపర్ టీ కనిపెట్టింది ఆ జర్మన్ డాక్టరేనా? నాజీలు ఆయన్ని జైల్లో ఎందుకు పెట్టారు?

మీరు అడిగింది ఇదీ: పాపకు ఏడాది నిండింది, రెండో కాన్పుకు ఎడం కావాలి, డాక్టరమ్మ కాపర్ టీ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే రాగి సాధనం) వేయించుకోమన్నారు. ఈలోపు ఎక్కడో చదివారు, ఈ పద్ధతిని మొదట తెచ్చిన జర్మన్ డాక్టర్ని నాజీలు జైల్లో పెట్టారని, తోటి డాక్టర్లే ఇది ప్రమాదమని పక్కన పెట్టేశారని. అది నిజమేనా, నిజమైతే ఇప్పుడు మాకెందుకు వేస్తున్నారు అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. ఆయన పేరు ఎర్న్‌స్ట్ గ్రేఫెన్‌బెర్గ్. కాపర్ టీ ఆయన చేసింది కాదు, దానికి ముందుతరమైన వెండితీగ రింగు ఆయనది. జైలు మాట నిజమే గానీ, ఆయన మీద మోపిన నేరానికీ రింగుకూ సంబంధం లేదు. తోటి డాక్టర్లు తప్పుపట్టిన మాటా నిజమే. వాళ్ళ భయానికి ఆ రోజుల్లో గట్టి కారణమే ఉంది, ఆ కారణం ఇవాళ చాలావరకు తొలగిపోయింది. మీ డాక్టరు చెప్పింది మంచి సలహా.

ఇక వివరంగా. నేను గైనకాలజిస్టుని. సర్వీసంతా ఏరియా ఆసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో గడిచింది. కాపర్ టీలు వేయడం, తీయడం, వేరేచోట వేయించుకుని ఇబ్బందిపడి వచ్చినవాళ్ళని చూడడం నా రోజువారీ పని. జూనియర్లకు ఈ పని నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది గ్రేఫెన్‌బెర్గ్ కథే. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆయన 1881లో గొట్టింగెన్ దగ్గర అడెలెబ్‌సెన్ అనే చిన్న ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టాడు. గొట్టింగెన్‌లో, మ్యూనిక్‌లో చదివి 1905లో డాక్టరయ్యాడు. మొదట కళ్ళ డాక్టరుగా వూర్ట్స్‌బుర్గ్‌లో పనిచేసి, తరవాత కీల్ విశ్వవిద్యాలయంలో స్త్రీవైద్య విభాగానికి మారాడు. అక్కడ ఆయన పరిశోధన పిండం గర్భసంచి గోడకు ఎలా అంటుకుంటుందన్న దాని మీద. తరవాతి రోజుల్లో గర్భసంచిలో రింగు పెట్టాలని ఆలోచించిన మనిషి, అంతకు చాలా ముందే ఆ గోడ తీరు కూలంకషంగా చదువుకున్నవాడన్నమాట.

1910లో బెర్లిన్ చేరాడు. కొన్నేళ్ళకే కుర్‌ఫ్యుర్‌స్టెన్‌డామ్ అనే ఖరీదైన వీధిలో సొంత క్లినిక్కు నడిచింది, పెద్దింటి ఆడవాళ్ళు వచ్చేవారు. ఇంకోపక్క బ్రిట్స్ అనే కార్మికవాడలో మునిసిపల్ ఆసుపత్రికి స్త్రీవైద్య విభాగాధిపతి. ఈ రెండో ఉద్యోగమే ఆయన్ని రింగు దాకా తీసుకెళ్ళిందని నా నమ్మకం. ఆ రోజుల జర్మనీలో 218వ సెక్షన్ కింద గర్భస్రావం నేరం. ఏడాదికో కాన్పు భరించలేని కార్మిక స్త్రీలు దొంగచాటుగా కడుపు తీయించుకుని, చీము పట్టి, జ్వరంతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. యాంటీబయాటిక్స్ లేని కాలం కాబట్టి చాలామంది తిరిగి ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు. అలాంటి వార్డులో పనిచేసిన డాక్టరుకు కుటుంబ నియంత్రణ అనేది చర్చావేదిక మీద విషయం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పుల్లలు పెట్టించుకుని వచ్చిన సెప్టిక్ కేసులు చూశాను. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే, అది ఇంకెవరికీ రాకుండా చూడాలన్న పట్టుదల తనంతట తానే వస్తుంది.

గర్భసంచిలో ఏదో ఒకటి పెడితే గర్భం రాదన్న ఆలోచన ఆయనతో మొదలవలేదు. 1909లోనే రిఖ్టర్ అనే జర్మన్ డాక్టరు పట్టుపురుగు నుంచి తీసే గట్టి దారంతో చేసిన రింగు గురించి రాశాడు. 1923లో పుస్ట్ అనే ఇంకో డాక్టరు అలాంటి రింగుకే కింద ఒక గాజుబిళ్ళ తగిలించి, అది గర్భసంచి ముఖద్వారం మీద కూర్చునేలా చేశాడు. వీటన్నిటిలో ఒక లోపం ఉంది. లోపల ఒక ముక్క, బయట ఒక ముక్క, మధ్యలో రెండిటినీ కలిపే దారం. యోనిలో సూక్ష్మక్రిములు సహజంగానే ఉంటాయి, గర్భసంచి లోపల అంతగా ఉండవు. ముఖద్వారంలోని జిగురు ఆ రెండిటి మధ్య కాపలా. దారం ఆ కాపలాని దాటించే దారి అయిపోతుంది.

గ్రేఫెన్‌బెర్గ్ చేసిన అసలు పని ఆ తోకను, అంటే కిందికి వేలాడే దారాన్ని, తీసేయడం. మొత్తం రింగు గర్భసంచి లోపలే ఉండాలి, కిందికి ఏమీ వేలాడకూడదు అన్నాడు. మొదట పట్టుదారంతో చేసి చూశాడు. తరవాత సన్నటి వెండితీగని స్ప్రింగులా చుట్టి రింగు చేశాడు. 1929లో లండన్‌లో, 1930లో జ్యూరిక్‌లో జరిగిన సభల్లో తన లెక్కలు బయటపెట్టాడు. పట్టుదారం రింగుతో గర్భం వచ్చినవాళ్ళు 3.1 శాతం, వెండి రింగుతో 1.6 శాతం. రెండోది దాదాపు రెండు వేల సార్లు వేసిన మీదట వచ్చిన లెక్క. ఆ రోజులకు ఇది చాలా మంచి ఫలితం.

ఇక్కడొక విశేషం ఉంది. ఆ వెండితీగలో సుమారు పావువంతు రాగి కలిసి ఉందని చాలా ఏళ్ళ తరవాత పరీక్షిస్తే తేలింది. పట్టుదారం కంటే వెండి ఎందుకు బాగా పనిచేసిందో అప్పట్లో ఆయనకు తెలియదు. రాగి నుంచి విడుదలయ్యే అతి సూక్ష్మమైన కణాలు (అయాన్లు) వీర్యకణాలను దెబ్బతీస్తాయని, కాబట్టి అండంతో కలవడమే జరగదని ఇవాళ మనకు తెలుసు. తెలియకుండానే ఆయన రాగి సాధనమే వాడాడు.

మరి తోటి డాక్టర్లు ఎందుకు ఒప్పుకోలేదు? ఇందులో రెండు పక్షాలనూ న్యాయంగా చూడాలి.

గ్రేఫెన్‌బెర్గ్ తన పేషెంట్లను ఎంచుకుని వేసేవాడు. గనేరియా అనే సుఖవ్యాధి ఉన్నవాళ్ళకీ, గర్భసంచిలోనో ట్యూబుల్లోనో వాపు ఉన్నవాళ్ళకీ వేయకూడదని గట్టిగా చెప్పాడు. రింగు పెట్టాలంటే ముఖద్వారాన్ని కొద్దిగా వెడల్పు చేయాలి, తీయాలంటే సన్నటి కొక్కెంతో లోపల వెతికి లాగాలి. రెండూ చేయి తిరిగినవాళ్ళు పూర్తి శుభ్రతతో చేయాల్సిన పనులు. ఈ జాగ్రత్తలు పాటించిన చోట ఫలితాలు బాగున్నాయి. లండన్‌లో నార్మన్ హెయిర్ దీన్ని వాడి సమర్థించాడు. జాగ్రత్తలు సడలిన చోట పొత్తికడుపులో ఇన్ఫెక్షన్లు వచ్చాయి. పెన్సిలిన్ వాడుకలోకి రావడానికి ఇంకా పదేళ్ళకు పైనే ఉంది. అలాంటి కాలంలో గర్భసంచికి చీము పడితే స్త్రీ చనిపోవచ్చు, బతికితే ట్యూబులు మూసుకుపోయి ఇక పిల్లలు పుట్టకపోవచ్చు. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఇన్ఫెక్షన్ వచ్చిన కేసుల్లో ఏ సాధనం వేశారు, తోక ఉన్నదా లేనిదా, ముందు పరీక్ష చేశారా అన్న తేడా చూడకుండా, పాత తోకల సాధనాలతో కలిపేసి అన్నిటికీ ఒకే తీర్పు చెప్పారు. పాఠ్యపుస్తకాల్లో అదే స్థిరపడింది. జపాన్‌లో ఓటా అనే డాక్టరు 1930ల్లో రింగుకు మధ్యలో చిన్న బిళ్ళ చేర్చి మెరుగుపరిస్తే, అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఇక జైలు సంగతి. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదులను ప్రభుత్వ, మునిసిపల్ ఉద్యోగాల నుంచి తొలగించే చట్టం వచ్చింది. బ్రిట్స్ ఆసుపత్రి ఉద్యోగం పోయింది. ఆయన సహచరుడు హాన్స్ లేఫెల్ట్ కూడా కుటుంబ నియంత్రణ పనిచేసిన డాక్టరే. దేశం వదిలి వెళ్ళిపోదామని ఆయన 1934లో ఎంతగానో చెప్పి చూశాడు. గ్రేఫెన్‌బెర్గ్ కదల్లేదు. నాజీ పెద్దల భార్యలు కూడా తన దగ్గరికే వైద్యానికి వస్తున్నారు కదా, తనకేమీ కాదనుకున్నాడు. 1937లో అరెస్టు చేశారు. విలువైన తపాలా బిళ్ళ ఒకటి దొంగతనంగా దేశం దాటించాడన్నది అభియోగం. అమెరికాలో కుటుంబ నియంత్రణ ఉద్యమానికి పునాది వేసిన మార్గరెట్ సాంగర్ చొరవ తీసుకుని, డబ్బు కట్టించి, ఆయన్ని విడిపించారు. 1940లో జర్మనీ దాటి అమెరికా చేరాడు. అంతకు ముందే 1938లో యూదు డాక్టర్లందరి లైసెన్సులూ రద్దయ్యాయి. 1941లో కండోమ్ తప్ప మిగతా గర్భనిరోధక సాధనాల తయారీని, అమ్మకాన్ని జర్మనీలో నిషేధించారు. కాబట్టి ఆయన అక్కడే బతికి బయటపడినా, ఆయన పని మాత్రం బతికేది కాదు.

అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గర. న్యూయార్క్‌లో ప్రాక్టీసు పెట్టుకున్నాడు, సాంగర్ క్లినిక్కులో పనిచేశాడు. కానీ అమెరికన్ డాక్టర్లు రింగు పేరు వింటేనే మొహం తిప్పుకునేవారు. దాంతో ఆయన వేరే దారి పట్టాడు. 1944లో డికిన్సన్ అనే పెద్ద గైనకాలజిస్టుతో కలిసి, ముఖద్వారానికి తొడిగే ప్లాస్టిక్ టోపీ గురించి వ్యాసం రాశాడు. 1950లో స్త్రీల లైంగిక తృప్తిలో మూత్రనాళం చుట్టూ ఉన్న భాగం పాత్ర గురించి ఇంకో వ్యాసం రాశాడు. అది అచ్చయింది మన బొంబాయి నుంచి వెలువడే పత్రికలో. డాక్టర్ ఏ. పి. పిళ్ళై సంపాదకత్వంలో నడిచిన ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సెక్సాలజీ’ అది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఈ విషయాలు ఎత్తడానికే జనం సిగ్గుపడే రోజుల్లో, బొంబాయిలో కూర్చుని అంతర్జాతీయ స్థాయి వైద్యుల వ్యాసాలు అచ్చువేసిన పిళ్ళై గారి గురించి కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి. ఆ వ్యాసం ఆధారంగానే 1980ల మొదట్లో ఇతర పరిశోధకులు ‘జీ స్పాట్’ అన్న పేరు పెట్టారు. అందులోని ‘జీ’ గ్రేఫెన్‌బెర్గ్ పేరులో మొదటి అక్షరం. అది శరీరంలో విడిగా ఉన్న అవయవమేమీ కాదు, దాని మీద వాదనలు ఇప్పటికీ తెగలేదు. నాకు బాధ కలిగించేది వేరే. ఇంటర్నెట్‌లో ఆయన పేరు వెతికితే ముందు వచ్చేది అదే. ఎందరి ప్రాణాలనో కాపాడిన పద్ధతి మాత్రం వెనక పేజీల్లో ఉంటుంది.

1957లో ఆయన న్యూయార్క్‌లో చనిపోయాడు. ఆ తరవాత రెండేళ్ళకే, 1959లో, ఒకేసారి రెండుచోట్ల నుంచి వ్యాసాలు వచ్చాయి. జెరూసలెంలో ఓపెన్‌హైమర్ అనే డాక్టరు గ్రేఫెన్‌బెర్గ్ రింగుతో తనకున్న దాదాపు ముప్ఫై ఏళ్ళ అనుభవం రాశాడు. జపాన్‌లో ఇషిహామా అక్కడి రింగుల ఫలితాలు రాశాడు. ఇన్ఫెక్షన్ల గురించి పుస్తకాల్లో రాసినంత భయం అక్కర్లేదని ఇద్దరి అనుభవమూ చెప్పింది. అప్పటికి యాంటీబయాటిక్స్ వచ్చాయి, ప్లాస్టిక్ వచ్చింది. 1962లో న్యూయార్క్‌లో గర్భసంచి సాధనాల మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. బఫెలో నగరపు డాక్టరు జాక్ లిప్పీస్ తన ప్లాస్టిక్ లూప్ తెచ్చాడు. ఆయన ముందు రింగులు వాడినవాడే, తీయడం కష్టమవుతోందని గమనించి, లూప్‌కు ఒంటిపోగు నైలాన్ దారం కట్టాడు. మీకు వేసే కాపర్ టీకి ఉండే దారం అలా వచ్చిందే. 1969లో చిలీ డాక్టరు జైమె సిప్పర్ రాగి గుణం కనిపెట్టాడు, హోవర్డ్ టేటమ్ చేసిన టీ ఆకారానికి ఆ రాగి తీగ చుట్టడంతో కాపర్ టీ పుట్టింది.

దారం మళ్ళీ వచ్చింది కదా, మరి గ్రేఫెన్‌బెర్గ్ తోక భయం ఏమైంది అనుకుంటున్నారా? ఆ భయం సరైనదేనని 1970ల్లో అమెరికాలో రుజువైంది. డాల్కన్ షీల్డ్ అనే సాధనానికి ఒంటిపోగు బదులు, ఎన్నో సన్నపోగులు ఒక గొట్టంలో చేర్చిన దారం పెట్టారు. దీపం వత్తి నూనెని పైకి పీల్చినట్టు ఆ పోగులు క్రిముల్ని లోపలికి పీల్చాయి. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి, కొందరు చనిపోయారు, 1974లో అమ్మకం ఆపేశారు. నునుపైన ఒంటిపోగు దారంలో ఆ దోషం లేదు. అయినా డాల్కన్ షీల్డ్ చేసిన చెడ్డపేరు సాధనాలన్నిటికీ అంటుకుంది. 1930ల్లో జరిగిందే మళ్ళీ జరిగింది.

మన దగ్గర కూడా ఇదే వరస. 1965లో లిప్పీస్ లూప్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి తెచ్చారు. ఇంతమందికి వేయాలని టార్గెట్లు పెట్టి, క్యాంపుల్లో లక్షల మందికి వేశారు. ముందు సరిగ్గా పరీక్ష లేదు, నెలసరి ఎక్కువవుతుందని ముందే చెప్పేవాళ్ళు లేరు, ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియదు. రక్తహీనతతో ఉన్న మనిషికి నెలనెలా రక్తం ఎక్కువ పోతే ఏమవుతుంది? ఊరూరా భయం పాకింది. లూప్ గుండెలోకి ఎక్కిందని, పేగులకు చుట్టుకుందని కథలు పుట్టాయి. మీ పెద్దవాళ్ళు ఎవరైనా వద్దంటుంటే ఆ మాట వెనక ఆ కాలపు అనుభవం ఉండొచ్చు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. తెలుగు రాష్ట్రాల్లో మనం ఆ నష్టం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళే. కాపర్ టీ వాడేవాళ్ళు అతి తక్కువ. పాతికేళ్ళు నిండకుండానే ఇద్దరు పిల్లలూ, ఆపరేషనూ అయిపోయిన అమ్మాయిల్ని చూస్తూనే ఉన్నాను. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఇవ్వగల సాధనం చేతిలో ఉండగా, ఒళ్ళు కోలుకోకముందే రెండో కడుపుతో రక్తం లేక నీరసించి వచ్చేవాళ్ళని చూస్తే మనసు కలుక్కుమంటుంది.

జూనియర్లకు ఈ కథ ఎందుకు చెబుతానంటే, సాధనం ఒక్కటే ఎప్పుడూ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరికి వేయాలో చూసి, శుభ్రంగా వేసి, తరవాత పలకరించే మనిషి ఉన్నచోట అది పనిచేస్తుంది. బెర్లిన్‌లోనూ అంతే, మన పీహెచ్‌సీలోనూ అంతే. ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది, ఎక్కడో వేయించుకుంది. రెండు నెలలుగా నెలసరి ఎక్కువవుతోందని, తీసేయమని వేసినచోటికి వెళితే, అలవాటైపోతుందిలే అని తిప్పి పంపారట. మనిషి పాలిపోయి ఉంది. నేను పరీక్ష చేస్తే సాధనం సరైన చోటే ఉంది, ఇన్ఫెక్షన్ లేదు. మందులతో తగ్గించొచ్చని చెప్పాను, కానీ ఆమె తీసేయమనే అంది. తీసేసి, ఐరన్ రాసి, వేరే పద్ధతి చెప్పాను. తరవాత ఆమె తన చెల్లెల్ని వెంటబెట్టుకుని కాపర్ టీ కోసమే వచ్చింది. ఇష్టమొచ్చినప్పుడు తీయించుకోవచ్చన్న ధైర్యం ఉంటేనే ఆడవాళ్ళు వేయించుకోవడానికి ముందుకొస్తారు.

ఇప్పుడు మీ విషయం. మీరు తెలుసుకోవాల్సినవి ఇవి.

వేసే ముందు పొత్తికడుపు నొప్పి ఉందా, వాసనతో తెల్లబట్ట అవుతోందా, మధ్యలో రక్తం కనబడుతోందా అని అడిగి పరీక్ష చేయాలి. ఉంటే ముందు దానికి వైద్యం, ఆ తరవాతే కాపర్ టీ. హిమోగ్లోబిన్ చూపించుకోండి. బాగా తక్కువగా ఉంటే, లేదా మీకు ముందునుంచే నెలసరి ఎక్కువయ్యే అలవాటుంటే, హార్మోన్ ఉన్న సాధనం గురించి అడగండి. దాంతో రక్తం తగ్గుతుంది, ఖర్చు మాత్రం ఎక్కువ.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు రకాలు ఉన్నాయి. 380ఏ రకం పదేళ్ళు, 375 రకం ఐదేళ్ళు పనిచేస్తాయి. మీకు మూడేళ్ళ ఎడమే కావాలంటే ఏదైనా సరిపోతుంది, తీయించుకున్న వెంటనే గర్భం రావచ్చు. మొదటి ఏడాదిలో గర్భం వచ్చే అవకాశం వందలో ఒకరికన్నా తక్కువ. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి కాస్త ఎక్కువగా, నొప్పిగా ఉండొచ్చు, మామూలు నొప్పి మాత్రలతో తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే ఎక్కువగా వేసిన మొదటి మూడు వారాల్లోనే వస్తుంది, ఆ రోజుల్లో జ్వరమో పొత్తికడుపు నొప్పో ఉంటే ఆగకుండా వెళ్ళండి. ఇక గుండెలోకి వెళ్ళడం అన్నది జరగదు. గర్భసంచి గోడకు చిల్లు పడటం వేయి మందిలో ఒకరికి జరగొచ్చు. పాలిచ్చే తల్లుల్లో కొంచెం ఎక్కువ, కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళ చేత వేయించుకోండి. కొందరిలో అది తనంతట తాను జారిపోతుంది, ముఖ్యంగా మొదటి నెలల్లో. నెలసరి అయ్యాక దారం చేతికి తగులుతోందో లేదో చూసుకోవడం నేర్చుకోండి. మొదటి నెలసరి తరవాత ఒకసారి తప్పకుండా చూపించుకోండి.

దారం తగలకపోతే, లేదా గట్టి ప్లాస్టిక్ ముక్క తగిలితే, అది చూపించుకునేదాకా కండోమ్ వాడండి. నెల తప్పితే మాత్రం కాపర్ టీ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ పరిస్థితిలో గర్భం ట్యూబులో ఉండే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. వెంటనే మూత్ర పరీక్ష చేసుకుని, పాజిటివ్ వస్తే అదే రోజు స్కానింగ్‌కు వెళ్ళండి.